ఎల్‌సీడీయా? ఎల్‌ఈడీయా? చీటీ డబ్బుతో టీవీ కొనేముందు...

దసరా దగ్గరపడుతుందంటే మా చిట్కుల్‌లో ఆడవాళ్ల నోట రెండే మాటలు. ఇంటికి రంగు ఎప్పుడు వేయిస్తున్నావు? చీటీ ఎవరు లేపుతున్నారు? మగవాళ్ల జీతం బియ్యానికి, అద్దెకు, పిల్లల ఫీజులకు సరిపోతుంది. ఇంట్లోకి ఒక వస్తువు రావాలంటే మాత్రం మన చీటీ డబ్బే దిక్కు. అందుకే ఆ డబ్బుతో కొన్న వస్తువు పాడైతే కలిగే బాధ వేరు.

మా పక్కింటి వదినె పోయినేడు 20 వేల చీటీ లేపింది. ఆయనకు పాశమైలారంలో షిఫ్టు డ్యూటీ. ఇంట్లో అత్తగారు, ఇద్దరు పిల్లలు. ఉన్న చిన్న టీవీ అత్తగారికి సరిగా కనిపించడం లేదని కొత్త 32 అంగుళాల ఎల్‌ఈడీ కొనాలనుకుంది. తీరా షాపుకు వెళ్తే అక్కడి మనిషి, "అమ్మా, అదే డబ్బుకు 42 అంగుళాల ఎల్‌సీడీ ఇస్తా. వాడిందే గానీ కొత్తదాని లెక్కనే ఉంటది. ఎల్‌సీడీ అన్నా, ఎల్‌ఈడీ అన్నా రెండూ ఒకటే" అన్నాడట.

ఆమె ఇంటికి వచ్చి నన్నడిగింది. "ఏం జేద్దునే వదినె? పెద్దదే తెచ్చుకుందునా?"

నాకు మాత్రం ఏం తెలుసు! "అదే డబ్బుకు పెద్దదొస్తే మంచిదే కదా" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నొచ్చుకుంటూనే ఉన్నాను.

మొదటి నెల బాగానే ఉంది. వాడకట్టు పిల్లలంతా వాళ్లింట్లోనే. నెల తిరిగేసరికి కరెంటు బిల్లు వచ్చింది. ఎప్పుడూ జీరో బిల్లు వచ్చే ఇంటికి పదకొండు వందలు దాటింది. మూడో నెలలో తెర ఎడమ పక్కన నల్లబారింది. నాలుగో నెలలో మాట వినబడుతోంది గానీ బొమ్మ లేదు. బాగు చేయడానికి వచ్చిన అబ్బాయి మూత విప్పి చూసి, "లోపల ట్యూబులు పోయినయక్కా. ఇవి ఇప్పుడు దొరకవు" అని చేతులు దులుపుకున్నాడు.

వదినె నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధైంది. ఆ రోజు ఆ మెకానిక్ అబ్బాయిని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఈ ఎల్‌సీడీ, ఎల్‌ఈడీల గొడవేమిటో విడమరిచి చెప్పించుకున్నాను. ఆ తర్వాత చదివి, అడిగి మరికొంత తెలుసుకున్నాను. అవే మీకు చెబుతున్నాను.

తోలుబొమ్మలాట చూశారా?

షాపు మనిషి చెప్పింది పూర్తి అబద్ధం కాదు. సగం నిజం. సగం నిజంతోనే మనం ఎక్కువ మోసపోతాం.

తోలుబొమ్మలాటలో తెర ఉంటుంది, తెరకు ఆనించిన బొమ్మలుంటాయి, వాటి వెనక దీపం ఉంటుంది. దీపం లేకపోతే ఎంత మంచి బొమ్మయినా కనిపించదు. ఎల్‌సీడీ టీవీ సరిగ్గా ఇలాంటిదే. ఎల్‌సీడీ అంటే ద్రవ స్ఫటికాల తెర. ఆ స్ఫటికాలకు సొంత వెలుగు లేదు. వెనక నుంచి వచ్చే వెలుగును ఎక్కడ వదలాలో, ఎక్కడ ఆపాలో అవి చూసుకుంటాయి. అంతే.

పాత ఎల్‌సీడీలలో వెనక ఉండే దీపం సన్నటి ట్యూబులైటు. మన ఇంటి గోడ మీది ట్యూబులైటుకు చిన్న చెల్లెలనుకోండి. కొత్తవాటిలో ట్యూబుల బదులు చిన్న చిన్న ఎల్‌ఈడీ బల్బులు పెట్టారు. తెర అదే, బొమ్మలు అవే, దీపం మారింది. కాబట్టి మనం ఎల్‌ఈడీ టీవీ అని కొనేది కూడా ఎల్‌సీడీ టీవీయే! ఎల్‌ఈడీ దీపం పెట్టిన ఎల్‌సీడీ అన్నమాట. 2009లో ఇలాంటి ప్రకటనలు జనాన్ని పొరబాటు పడేలా చేస్తున్నాయని బ్రిటన్‌లో ప్రకటనలను పరిశీలించే సంస్థ కూడా తప్పుపట్టింది.

ఈ ద్రవ స్ఫటికాల కథ మొదలైంది ఎక్కడో తెలుసా? మనం హల్వా చేసుకునే క్యారెట్ దగ్గర! ఆస్ట్రియాకు చెందిన వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ రైనిట్జర్ 1888లో క్యారెట్ నుంచి తీసిన ఒక పదార్థాన్ని వేడిచేస్తుంటే అది రెండుసార్లు కరిగినట్టు కనిపించింది. అటు గట్టి పదార్థమూ కాదు, ఇటు పూర్తి ద్రవమూ కాదు. ఇక తెల్లని ఎల్‌ఈడీ వెలుగుకు కావలసిన నీలి ఎల్‌ఈడీని 1990ల మొదట్లో జపాన్ శాస్త్రవేత్తలు సాధించారు. అందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన పెద్దవాళ్ల ఇళ్లలోని డబ్బా టీవీలకు ఈ దీపం గొడవ లేదు. 1967లో హైదరాబాద్‌లో మొదలైన ఈసీఐఎల్ వారి ఈసీ టీవీ చాలామందికి గుర్తుండే ఉంటుంది. అలాంటి టీవీల్లో పిక్చర్ ట్యూబే వెలిగేది. ఇప్పుడూ మన దగ్గర టీవీలు తయారవుతున్నాయి. హైదరాబాద్‌లోని రేడియంట్ సంస్థలో తన టీవీలు తయారు చేయిస్తున్నట్టు 2021లో షావోమి ప్రకటించింది.

మీటరు చెప్పే లెక్క

దీపం మారితే మనకేమిటి అంటారా? తేడా మొదట తెలిసేది కరెంటు మీటరు దగ్గర.

లెక్క చాలా తేలిక. టీవీ వెనక ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. ఆ వాట్లను రోజుకు ఎన్ని గంటలు చూస్తామో దాంతో గుణించండి. దాన్ని 30తో గుణించి 1000తో భాగించండి. నెలకు ఎన్ని యూనిట్లో వచ్చేస్తుంది.

వదినె తెచ్చిన పాత 42 అంగుళాల ఎల్‌సీడీ 180 వాట్లది. రోజుకు 7 గంటలు నడిస్తే నెలకు దాదాపు 38 యూనిట్లు. అంతకుముందున్న చిన్న టీవీ 40 వాట్లది. దానికి 8 యూనిట్లు చిల్లర మాత్రమే. అంటే నెలకు 29 యూనిట్లు పెరిగాయి.

29 యూనిట్లే కదా అనుకోకండి. గృహజ్యోతి పథకంలో 2024 మార్చి బిల్లుల నుంచి అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితం. 200 దాటితే పైన దాటిన యూనిట్లకే కాదు, ఆ నెల బిల్లు మొత్తం మనమే కట్టాలి. వదినె ఇంట్లో నెలకు 187 యూనిట్లు కాలేది. టీవీ వచ్చాక 216 అయ్యాయి. 16 యూనిట్లు దాటినందుకు పదకొండు వందల పైచిలుకు చేతి నుంచి పోయింది!

కొత్త 32 అంగుళాల ఎల్‌ఈడీలు చాలావరకు 35 నుంచి 50 వాట్ల లోపే. 43 అంగుళాలవైతే 60 నుంచి 90 వాట్ల దాకా ఉంటాయి. మీ ఇంటి మీటరు 180, 190 దగ్గర ఊగిసలాడుతుంటే ఏ టీవీ తేవాలన్నది మీ ఆయన కంటే, షాపువాడి కంటే ఆ మీటరే బాగా చెబుతుంది.

పాత ఎల్‌సీడీ చవకని తేవచ్చా?

వద్దనే నా సలహా. ట్యూబులైటు ఎల్‌సీడీలు తయారు చేయడం పెద్ద కంపెనీలు ఎప్పుడో మానేశాయి. ఇప్పుడు బజారులో ఎల్‌సీడీ పేరుతో చవకగా కనిపించేది దాదాపుగా ఎవరో ఏళ్ల తరబడి వాడేసినదే. ట్యూబు వాడేకొద్దీ వెలుగు మందగిస్తుంది. పోతే విడిభాగం దొరకదు. గ్యారంటీ ఉండదు. పైగా ఆ ట్యూబులలో కొద్దిగా పాదరసం ఉంటుంది.

అలాగని ఎల్‌ఈడీ బల్బులు చిరంజీవులూ కావు. అవీ పోతాయి. కానీ చాలా టీవీల్లో ఆ బల్బుల పట్టీలు మార్చే వీలుంటుంది. మాట వస్తూ బొమ్మ రాకపోతే ఒక చిన్న పరీక్ష చేయండి. గదిలో దీపం ఆర్పి, టీవీ తెర మీదికి దగ్గరగా టార్చి వేసి చూడండి. లోపల బొమ్మ మసకగా కదులుతూ కనిపిస్తే దీపం పోయిందన్నమాట. మెకానిక్ వచ్చి "తెర మొత్తం మార్చాలి" అంటే అప్పుడు మీరు తిరిగి అడగగలరు. తెర పగిలితే మాత్రం దాన్ని మార్చే ఖర్చుతో దాదాపు కొత్త టీవీయే వచ్చేస్తుంది.

చిన్న గదికి ఎంత పెద్ద టీవీ?

అంగుళాలు అంటే తెర వెడల్పు కాదు, మూల నుంచి మూలకు కొలత. 32 అంగుళాలదైతే నాలుగైదు అడుగుల దూరం నుంచి, 43 అంగుళాలదైతే దాదాపు ఆరడుగుల నుంచి హాయిగా చూడొచ్చు. మన అద్దె ఇళ్లలో గది పది అడుగులుంటే అందులో మంచం పోను మిగిలేదెంత? ముందు టేపు పెట్టి కొలవండి, తర్వాత షాపుకు వెళ్లండి.

మరో సంగతి ఎవరూ చెప్పరు. మగవాళ్లు టీవీని ఎదురుగా కూర్చుని చూస్తారు. మనం చూసేది వంటింటి గుమ్మంలో నిలబడి, పక్క నుంచి! పిల్లలు చాప మీద కూర్చుని కింది నుంచి చూస్తారు. ఎల్‌సీడీ తెరల్లో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. ఐపీఎస్ రకం పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారవు. వీఏ రకంలో నలుపు చక్కగా ఉంటుంది గానీ పక్క నుంచి చూస్తే బొమ్మ వెలిసినట్టు కనిపిస్తుంది. షాపులో సిగ్గుపడకండి. పక్కకు జరిగి చూడండి, వంగి చూడండి. డబ్బు మనది.

క్యూఎల్‌ఈడీ, ఓఎల్‌ఈడీ అంటే?

అక్షరాలు పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది. క్యూఎల్‌ఈడీ కూడా వెనక దీపం ఉన్న ఎల్‌సీడీయే. రంగులు మెరుగ్గా రావడానికి మధ్యలో మరో పొర ఉంటుంది. అసలు వేరే జాతి ఓఎల్‌ఈడీ ఒక్కటే. అందులో వెనక దీపం ఉండదు. ప్రతి చుక్కా తానే వెలుగుతుంది. బొమ్మ చాలా బాగుంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది.

షాపుకు వెళ్లేటప్పుడు

* 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. 32 అంగుళాల వరకు అంతకుముందే 18 శాతం. బిల్లులో ఎంత వేశారో చూసుకోండి.
* షాపులో బొమ్మ మిరుమిట్లు గొలిపేలా పెడతారు. రిమోట్ తీసుకుని 'హోమ్' పద్ధతిలోకి మార్పించి చూడండి.
* స్టార్ లేబుల్ ఉంటే దాని మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. చుక్కలతో పాటు ఆ అంకె కూడా చదవండి.
* బీఐఎస్ గుర్తు ఉందో లేదో చూడండి.
* బిల్లు మీద మోడల్, సీరియల్ నంబరు రాయించండి. గ్యారంటీ కార్డు మీద షాపు ముద్ర వేయించండి.
* ఆ కంపెనీ సర్వీసు మనిషి మన ఊరికి వస్తాడా, సంగారెడ్డికో హైదరాబాద్‌కో మోసుకెళ్లాలా అని ముందే అడగండి.
* మోసం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. చేతిలో బిల్లు ఉంటేనే మాటకు బలం.

ఇంటికి తెచ్చాక

* పొయ్యికి దూరంగా పెట్టండి. తాలింపు పొగ, నూనె జిడ్డు తెరకు పడవు.
* తుడవడానికి మెత్తటి పొడి నూలు గుడ్డ చాలు. అద్దాలు తుడిచే ద్రవం తెర మీద చల్లొద్దు.
* వెలుగు కాస్త తగ్గించి పెట్టుకోండి. కళ్లకు హాయి, దీపానికి ఆయుష్షు, మీటరుకు విశ్రాంతి.
* ఉరుములు మెరుపులు వచ్చినప్పుడు ప్లగ్గుతో పాటు కేబుల్ లేదా డిష్ వైరు కూడా తీసేయండి.
* పాడైన టీవీని పగలగొట్టొద్దు, వాగులో పడేయొద్దు. ఈ-వ్యర్థాలు తీసుకునేవారికే ఇవ్వండి. నక్కవాగు నీళ్లకు ఏమైందో కళ్లారా చూసినవాళ్లం మనం. వేరే ఎవరో చెప్పక్కర్లేదు.

ఈ ఏడు వదినె మళ్లీ చీటీ లేపింది. ఈసారి ఇద్దరం కలిసే షాపుకు వెళ్లాం. టేపు నా సంచిలో ఉంది, పాత కరెంటు బిల్లు ఆమె కొంగున ఉంది. 45 వాట్ల 32 అంగుళాల ఎల్‌ఈడీ తెచ్చుకున్నాం. ఆమె గుమ్మం దగ్గర నిలబడి చూసింది, కింద కూర్చుని చూసింది. షాపు అబ్బాయి నవ్వాడు. నవ్వనీయండి!

నెల తిరిగింది. వదినె కరెంటు కాగితం పట్టుకుని గబగబా మా ఇంటికి వచ్చింది. 188 యూనిట్లు, జీరో బిల్లు.

"ఇగ జూడు వదినె" అంటూ ఆ కాగితం నా చేతిలో పెట్టింది. ఏడాదిగా నా గుండె మీదున్న బరువు ఆ రోజుకు దిగింది.