సెల్‌ఫోన్‌లో విషం తగ్గింది... తయారీ శాలలో తగ్గిందా?

శ్రీసిటీ (తిరుపతి జిల్లా): సెల్‌ఫోన్ ఛార్జర్‌ను తిప్పి చూసినా, కొత్త టీవీ అట్టపెట్టెను పరిశీలించినా చిన్న అక్షరాల్లో ‘రోహ్స్’ అన్న మాట కనిపిస్తుంది. ఆ పక్కనే అడ్డంగా కొట్టేసిన చెత్తబుట్ట బొమ్మ ఉంటుంది. ధర, గ్యారంటీ చూసి కొనుక్కునే వారెవరూ వీటిని పట్టించుకోరు. అయితే ఆ ఒక్క మాట వెనుక రెండు దశాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. ఎలక్ట్రానిక్ వస్తువుల్లో వాడే ప్రమాదకర పదార్థాలను ప్రపంచ దేశాలు ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ వచ్చిన తీరుకు అది గుర్తు. ఆ చరిత్రలో పూర్తి కాని అధ్యాయం కూడా ఒకటుంది. వస్తువును కొన్నవారికి దక్కిన రక్షణ దానిని తయారు చేసిన వారికి అంతే మేర దక్కలేదు.

సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో విస్తరించిన శ్రీసిటీలో తయారైన షియోమీ ఫోను 2015 ఆగస్టులో మార్కెట్లోకి వచ్చింది. అనంతరం రేణిగుంట విమానాశ్రయం సమీపంలో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల సముదాయం రూపుదిద్దుకుంది. తెలంగాణలో రావిర్యాల, మహేశ్వరం ప్రాంతాలు ఇదే బాటలో నడిచాయి. కంపెనీ బస్సుల్లో నిత్యం ఫోన్ల తయారీ పనికి వెళ్లే వారిలో అధికులు పల్లెల నుంచి వచ్చిన యువతులే. కనుక ఇదెక్కడో విదేశాల్లోని వ్యవహారమని తోసిపుచ్చడానికి వీల్లేదు.

ఆరు పదార్థాలివే

రోహ్స్ అంటే ప్రమాదకర పదార్థాల వినియోగంపై పరిమితి. ఇందులో మొదట చేర్చినవి ఆరు.

సీసం: సర్క్యూట్ బోర్డుపై విడిభాగాలను అతికించే టంకంలో దీనిని వాడేవారు. పాత టీవీల గాజు గొట్టం ఒక్కదానిలోనే కిలోకు పైగా సీసం ఉండేది. ఇది శరీరంలో చేరితే పిల్లల మెదడు ఎదుగుదల కుంటుపడుతుంది. పెద్దలకు రక్తహీనత, మూత్రపిండాల జబ్బు, నరాల బలహీనత వస్తాయి.

పాదరసం: ట్యూబులైట్లు, సీఎఫ్‌ఎల్ బల్బులు, తొలి తరం ఎల్‌సీడీ తెరల వెనుక వెలిగే దీపాల్లో ఉండేది. నాడీ మండలాన్ని దెబ్బతీస్తుంది.

కాడ్మియం: లోహపు పూతల్లోను, ప్లాస్టిక్‌కు పసుపు, ఎరుపు రంగులు ఇవ్వడంలోను వాడేవారు. మూత్రపిండాలను, ఎముకలను గుల్ల చేస్తుంది.

ఆరు సంయోజకత గల క్రోమియం: స్క్రూలు, లోహపు రేకులు తుప్పు పట్టకుండా వేసే పూతల్లో ఉంటుంది. దీనిని పీల్చిన వారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఉంటుంది.

పీబీబీ, పీబీడీఈ: ఇవి బ్రోమిన్ రసాయనాలు. టీవీ, కంప్యూటర్ల ప్లాస్టిక్ డొక్కులకు నిప్పు అంటుకోకుండా కలిపేవారు. ఇవి ఒంట్లోని కొవ్వులో పేరుకుపోతాయి. తల్లిపాలలోనూ వీటి జాడ బయటపడింది. ఈ ప్లాస్టిక్‌ను బహిరంగంగా తగులబెడితే డయాక్సిన్‌ల వంటి విషాలు వెలువడతాయి.

తీగలోని రంగు తెచ్చిన తంటా

2001 చివరలో నెదర్లాండ్స్ అధికారులు సోనీ కంపెనీకి చెందిన సుమారు 13 లక్షల ప్లేస్టేషన్ ఆట యంత్రాలను మార్కెట్లోకి వెళ్లకుండా నిలిపివేశారు. వాటి తీగల్లో కాడ్మియం ఆ దేశ పరిమితిని మించి ఉండటమే ఇందుకు కారణం. క్రిస్మస్ అమ్మకాల వేళ తగిలిన ఈ దెబ్బతో పరిశ్రమ మొత్తం ఉలిక్కిపడింది. యంత్రంపై పేరు సోనీది. తీగను తయారు చేసింది మాత్రం సరఫరాదారుల వరుసలో ఎక్కడో ఉన్న మరో సంస్థ. తమ వస్తువులో ఏయే పదార్థం ఎక్కడి నుంచి వచ్చి చేరుతోందో పెద్ద కంపెనీలు ఆరా తీయడం అప్పటి నుంచి ముమ్మరమైంది.

యూరోపియన్ యూనియన్ 2003 జనవరిలో రోహ్స్ ఆదేశాన్ని ఆమోదించి, 2006 జులై 1 నుంచి అమలులో పెట్టింది. కాడ్మియం 0.01 శాతానికి, మిగిలిన అయిదు పదార్థాలు 0.1 శాతానికి మించరాదని నిర్దేశించింది. ప్లాస్టిక్‌ను మెత్తబరిచే నాలుగు రకాల థాలేట్లకు సైతం 2019 జులై 22 నుంచి ఈ పరిమితిని వర్తింపజేసింది.

మన దేశంలో 2011 నాటి ఈ-వ్యర్థాల నిబంధనలు 2012 మే 1న అమలులోకి వచ్చాయి. పదార్థాల పరిమితిని పాటించేందుకు పరిశ్రమకు అదనంగా రెండేళ్ల గడువిచ్చారు. 2016లో ఈ నిబంధనలను తిరగరాశారు. వాటి స్థానంలో 2022 నవంబరులో ప్రకటించిన నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్నాయి. ఆ ఆరు పదార్థాలకు పరిమితులు మారలేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్కెట్ నుంచి నమూనాలు తీసుకుని పరీక్షించవచ్చు. పరిమితి మించినట్లు తేలితే ఉత్పత్తిదారు ఆ సరకును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాలి.

సీసం వదిలించుకోవడం ఎందుకంత కష్టమైంది?

దశాబ్దాల తరబడి టంకం అంటే 63 శాతం తగరం, 37 శాతం సీసం కలిసిన లోహమే. అది 183 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి, చక్కగా పరుచుకుని, గట్టిగా పట్టుకునేది. పైగా చవక. దానికి బదులుగా వచ్చిన మిశ్రమంలో 96.5 శాతం తగరం, 3 శాతం వెండి, 0.5 శాతం రాగి ఉంటాయి. ఇది కరగడానికి 217 డిగ్రీలకు పైగా వేడి కావాలి.

చూడటానికి తేడా 34 డిగ్రీలే. ఆ వేడిని తట్టుకునేలా బోర్డులు, ప్లాస్టిక్ కనెక్టర్లు, కెపాసిటర్లు అన్నింటినీ మార్చాల్సి వచ్చింది. ఇంకో చిక్కు కూడా ఎదురైంది. సీసం లేని తగరపు పూతపై కాలక్రమంలో వెంట్రుక కంటే సన్నని లోహపు మొలకలు పుట్టుకొస్తాయి. ఇవి పక్క తీగను తాకితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. అందువల్లే కొన్ని వైద్య పరికరాలకు, అత్యధిక వేడిని తట్టుకోవాల్సిన కొన్ని ప్రత్యేక టంకాలకు మినహాయింపులు ఇచ్చి, దశలవారీగా సమీక్షిస్తూ వచ్చారు.

ఈ మార్పుతో ఒరిగిందేమిటో చిన్న లెక్కతో తెలుస్తుంది. పాత టంకం ఒక గ్రాములో 370 మిల్లీగ్రాముల సీసం ఉండేది. నిబంధన ప్రకారం ఇప్పుడు ఒక మిల్లీగ్రాముకు మించకూడదు. మొత్తం టీవీ బరువుపై సగటు తీసి తప్పించుకునే వీలు కూడా లేదు. టంకం, తీగ పైతొడుగు, స్క్రూ పూత... దేనికది వేరు పదార్థంగానే లెక్కిస్తారు. వస్తువుపై ఎక్స్‌రే కిరణాలను ప్రసరింపజేసి మొదట ప్రాథమిక పరిశీలన చేస్తారు. అనుమానం వస్తే రసాయన విశ్లేషణ జరుపుతారు. ఇటువంటి పరీక్షలకు హైదరాబాద్ చర్లపల్లిలోని కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-మెట్‌లో ప్రయోగశాల ఉంది.

చట్టం కంటికి కనిపించనిది

వస్తువులో మిగిలి ఉండే పదార్థాన్ని మాత్రమే రోహ్స్ కొలుస్తుంది. తయారీలో వాడి, ఆవిరైపోయే ద్రావణుల సంగతి దాని పరిధిలోకి రాదు. తెర తుడిచే ద్రవం, బోర్డు కడిగే ద్రవం, జిగురు పలుచన చేసే ద్రవం వస్తువుతోపాటు దుకాణానికి రావు. అవి చేరేది కార్మికుల ఊపిరితిత్తుల్లోకే.

చైనాలోని సుజౌ నగరంలో 2009లో జరిగిన ఉదంతం ఇందుకు నిదర్శనం. అక్కడి ఓ కర్మాగారంలో ఫోన్ తెరలు తుడిచేందుకు ఆల్కహాల్‌కు బదులు ఎన్-హెక్సేన్ వాడారు. ఇది త్వరగా ఆరిపోతుంది కనుక గంటకు ఎక్కువ తెరలు తుడవొచ్చు. గాలి సరిగా ఆడని గదుల్లో దానిని పీల్చిన కార్మికులకు కాళ్లూచేతులూ తిమ్మిరెక్కి, నడక తడబడింది. 137 మంది అస్వస్థులయ్యారని యాపిల్ కంపెనీ తన సరఫరాదారులపై 2011లో విడుదల చేసిన నివేదికలో పేర్కొంది. తుది కూర్పు పనుల్లో బెంజీన్, ఎన్-హెక్సేన్ వాడకాన్ని ఆ సంస్థ 2014 ఆగస్టులో నిషేధించింది.

దక్షిణ కొరియాలో పోరాటం ఇంకా సుదీర్ఘంగా సాగింది. శామ్‌సంగ్ చిప్‌ల కర్మాగారంలో పనిచేసిన హ్వాంగ్ యూ-మి రక్త క్యాన్సర్‌తో 2007 మార్చిలో కన్నుమూసింది. ఆమె తండ్రి హ్వాంగ్ సాంగ్-గి టాక్సీ డ్రైవరు. అదే కర్మాగారంలో పనిచేసిన మరికొందరూ జబ్బు పడ్డారని తెలుసుకుని ఆయన ఉద్యమం ప్రారంభించారు. ఏ రసాయనాలు వాడుతున్నారో చెప్పాలని అడిగితే వ్యాపార రహస్యమన్న సమాధానం ఎదురైంది. వివరాలు బయటపెట్టనందువల్ల రుజువు దొరకని పరిస్థితిని కార్మికునికి వ్యతిరేకంగా వాడరాదని 2017లో అక్కడి సుప్రీంకోర్టు మరో కార్మికురాలి కేసులో తీర్పు చెప్పింది. 2018 నవంబరులో శామ్‌సంగ్ బహిరంగంగా క్షమాపణ చెప్పి, పరిహారానికి ఒప్పుకుంది.

అమెరికా అనుభవం అంతకు ముందటిది. చిప్‌ల తయారీలో వాడే ఇథిలీన్ గ్లైకాల్ ఈథర్ల వల్ల మహిళా కార్మికులకు గర్భస్రావాలు పెరుగుతున్నాయని 1980ల ద్వితీయార్ధంలో ఒక అధ్యయనం హెచ్చరించింది. 1992లో పరిశ్రమ సొంతంగా చేయించిన అధ్యయనంలోనూ అదే తేలింది. అక్కడి కంపెనీలు ఆ రసాయనాలను క్రమంగా మానుకున్నాయి. అదే కాలంలో తయారీ పనులు పెద్దఎత్తున ఆసియా దేశాలకు తరలిపోయాయి. తన వాకిలి ఊడ్చి పొరుగింటి ముందు పోసిన చందంగా, అక్కడ వదిలించుకున్న ప్రమాదం ఆసియా కర్మాగారాల్లో కొనసాగింది.

మానుకోవడం సాధ్యమే

ప్రత్యామ్నాయాలు లేవనుకోవడం పొరపాటు. ఒకప్పుడు సర్క్యూట్ బోర్డులపై జిడ్డును తొలగించడానికి సీఎఫ్‌సీ-113 అనే ద్రావణిని ప్రపంచమంతటా వాడేవారు. అది ఓజోన్ పొరకు చిల్లు పెడుతోందని తేలడంతో 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం సంపన్న దేశాలు 1996 నాటికి దాని వాడకాన్ని నిలిపివేశాయి. మొదట్లో సాధ్యం కాదన్న కంపెనీలే అనంతరం నీటితో కడిగే పద్ధతికి మళ్లాయి. కొన్ని మరో అడుగు ముందుకేసి, అసలు కడగనవసరం లేని ఫ్లక్స్‌ను వాడుకలోకి తెచ్చాయి. కడగడం లేకపోతే ద్రావణి ఖర్చూ ఉండదు, పీల్చే బాధా ఉండదు.

మన ఊళ్లోని రిపేరు దుకాణం

కొత్త ఫోనులో సీసం తగ్గినా, మండల కేంద్రాల్లోని సెల్‌ఫోన్, టీవీ మరమ్మతు దుకాణాల్లో సీసపు టంకం తీగ నేటికీ వాడుకలో ఉంది. నిబంధనలు వస్తువుల తయారీకే వర్తిస్తాయి. ఇక్కడ చాలామందిలో ఒక అపోహ ఉంది. టంకం వేసేటప్పుడు లేచే తెల్లని పొగ సీసానిది కాదు, ఫ్లక్స్‌లోని గుగ్గిలానిది. ఆ పొగ ఉబ్బసం తెచ్చిపెడుతుంది. సీసం మాత్రం ప్రధానంగా చేతికి అంటుకుని నోటి ద్వారా లోపలికి పోతుంది. అందుచేత పొగను పక్కకు లాగే ఫ్యానుతోపాటు, తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడమూ ముఖ్యమే. పని బల్లపై టిఫిను, టీ పెట్టుకోవడం, టంకం తీగను పళ్లతో పట్టుకోవడం మానుకోవాలి. పని దుస్తులతో ఇంటికెళ్లి పసిపిల్లలను ఎత్తుకోవడమూ ప్రమాదమే.

రాగి కోసం పాత తీగలను తగులబెట్టడం అన్నిటికంటే హానికరం. పాత కంప్యూటర్లను విప్పి, కాల్చే పనులకు పేరుపడిన చైనాలోని గుయ్యూలో 165 మంది చిన్నారులకు రక్త పరీక్షలు చేయగా, 81.8 శాతం మందిలో సీసం డెసిలీటరుకు 10 మైక్రోగ్రాములను మించినట్లు 2007లో ప్రచురితమైన అధ్యయనం వెల్లడించింది. వారిలో చాలామంది ఆ పని చేసినవారు కారు, ఆ ఊళ్లో పుట్టిన పిల్లలు మాత్రమే.

తెలుసుకునే హక్కు

1984 భోపాల్ దుర్ఘటన అనంతరం 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదకర ప్రక్రియలున్న చోట రసాయనాల వివరాలను, జాగ్రత్తలను కార్మికులకు తెలియజేసే బాధ్యతను యాజమాన్యంపై ఉంచారు. పార్లమెంటు 2020లో ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్‌లోనూ ఈ బాధ్యతను పొందుపరిచారు. ప్రతి రసాయనానికి తయారీదారు ఇచ్చే భద్రతా పత్రం ఉంటుంది. డబ్బాపై పేరు లేని ద్రవం చేతికిస్తే ఆ పత్రం చూపమని అడగడం తప్పు కాదు.

లక్షణాలను గుర్తించడం కూడా అవసరమే. ఎన్-హెక్సేన్ ప్రభావం కాలివేళ్లు, చేతివేళ్ల తిమ్మిరితో మొదలవుతుంది. పని మానేసిన తర్వాతా కొన్ని వారాలపాటు ముదిరే అవకాశం ఉంది. కోలుకోవడానికి నెలలు పడుతుంది. సీసం చేరితే కడుపునొప్పి, మలబద్ధకం, నీరసం కనిపిస్తాయి. దానిని రక్త పరీక్షతో నిర్ధారించవచ్చు. వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు జబ్బుతోపాటు తాము చేసే పని ఏమిటో, ఏ ద్రవాలు వాడుతున్నారో విధిగా చెప్పాలి. ఆ మాట చెప్పకపోతే తిమ్మిరిని విటమిన్ లోపమని, నీరసాన్ని మామూలు రక్తహీనతని సరిపెట్టుకునే ప్రమాదం ఉంది. ఈఎస్‌ఐ పరిధిలోని కార్మికులకు గుర్తింపు పొందిన వృత్తి వ్యాధి సోకితే దానిని పనిలో కలిగిన గాయంగానే పరిగణిస్తారు.

సీసాన్ని వదిలించుకోవడానికి చట్టం, కొనుగోలుదారుల ఒత్తిడి, ప్రయోగశాలల పరీక్షలు కలిసివచ్చాయి. తయారీ శాలలోని ద్రావణులకు అటువంటి ముద్ర గానీ, పెట్టెపై అక్షరాలు గానీ లేవు. రాష్ట్రానికి కొత్త కర్మాగారాలు వస్తున్న వేళ ఉద్యోగాల సంఖ్యతోపాటు, అక్కడ ఏ రసాయనాలు వాడుతున్నారు, గాలిని ఎవరు, ఎప్పుడు పరీక్షిస్తున్నారు అన్న వివరాలను తెలుగులో కార్మికుల ముందుంచాల్సిన అవసరం ఎంతైనా ఉంది.