వన్నెల ఆకులు

పూలు పూయని వేళల్లోనూ ఇంటికి శోభను తెచ్చే మొక్కలు కొన్ని ఉన్నాయి. వాటిలో క్రోటన్ ముందు వరుసలో నిలుస్తుంది. కళాశాలల ఆవరణల్లో, కార్యాలయాల ప్రహరీల వెంట దీనిని చూడనివారు అరుదు. పసుపు, నారింజ, ఎరుపు, ఊదా రంగులు ఒకే ఆకుపై కలసి కనిపించడం దీని ప్రత్యేకత. ఆరుబయట ఏళ్ల తరబడి నిశ్చింతగా పెరిగే ఈ మొక్క, గదిలోకి తెచ్చిన కొద్ది వారాలకే ఆకులు రాల్చి మోడువారడం చాలామందికి అనుభవమే. మొక్క మంచిది కాదనుకొని పారవేయడం కూడా పరిపాటి. లోపం మొక్కలో ఉన్నదా, మనం దానికి చూపిన చోటులో ఉన్నదా అన్నది విచారించదగిన విషయం.

క్రోటన్ జన్మస్థలం మన దేశం కాదు. ఇండోనేషియా, మలేషియా, ఉత్తర ఆస్ట్రేలియా, పసిఫిక్ సముద్రపు పశ్చిమ ద్వీపాలు దీని పుట్టిల్లు. స్వీడన్ దేశపు వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దీనిని క్రోటన్ అనే ప్రజాతిలో చేర్చాడు. విరేచనకారిగా ప్రసిద్ధమైన నేపాళం ఆ ప్రజాతికి చెందినదే. తరువాతి శాస్త్రజ్ఞులు ఈ వన్నెల మొక్కను వేరుచేసి ‘కోడియేయమ్ వేరిగేటమ్’ అని పేరు పెట్టారు. అయినా పాత పేరే జనం నోట నిలిచిపోయింది. మన పొలాల్లోని ఆముదం, కర్రపెండలం ఈ మొక్కకు కుటుంబ బంధువులే.

వర్షపాతం ఎక్కువగా గల సముద్రతీర ద్వీపాలకూ, మెట్టభూముల మెదక్ సీమకూ వాతావరణంలో ఎంతో అంతరం ఉంది. మెదక్‌లో వేసవి ఎండ 40 డిగ్రీలను దాటుతుంది. చలికాలపు రాత్రుల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల సమీపానికి దిగుతుంది. అయినప్పటికీ, ఒకప్పుడు గుల్షనాబాద్, అనగా పూదోటల పట్టణం, అని పిలువబడిన ఈ ఊరిలో క్రోటన్‌ను పెంచడం అసాధ్యమేమీ కాదు. దాని స్వభావమెరిగి మెలగడమే కావలసినది.

ఆ స్వభావంలో మొదటిది వెలుతురుపై మక్కువ. మెదక్ పట్టణంలో 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మహాదేవాలయాన్ని చూసినవారికి అక్కడి రంగుటద్దాల కిటికీలు గుర్తుండే ఉంటాయి. ఇంగ్లండుకు చెందిన ఫ్రాంక్ సాలిస్‌బరీ వాటి రూపశిల్పి. పగటి వెలుతురు ప్రసరించినప్పుడే లోపలివారికి ఆ చిత్రాలు ప్రకాశిస్తాయి. రాత్రివేళ లోపల ఎన్ని దీపాలు వెలిగించినా ఆ వర్ణవైభవం కానరాదు. క్రోటన్ ఆకుకూ పగటి వెలుతురే ప్రాణం. అయితే ఒక భేదమున్నది. చీకటిలోనూ గాజు తన రంగును కోల్పోదు. అది మన కంటికి కనబడదు, అంతే. ఆకు మాత్రం తన రంగును తానే తయారుచేసుకోవాలి.

ఆకులో మూడు విధాల వర్ణద్రవ్యాలు ముఖ్యమైనవి. పత్రహరితం ఆకుపచ్చదనాన్ని, కెరోటినాయిడ్లు పసుపు, నారింజ వన్నెలను, ఆంథోసయనిన్లు ఎరుపు, ఊదా వన్నెలను ఇస్తాయి. ఆకుపై చుక్కలు, చారల తీరు ఆ రకానికి పుట్టుకతో వచ్చిన గుణం. వాటి నిగ్గు మాత్రం వెలుతురును బట్టి ఉంటుంది. తీక్షణమైన వెలుతురులో ఆకు ఆంథోసయనిన్లను సమృద్ధిగా తయారుచేసుకొంటుంది. ఎండ తాకిడినుండి ఆకును కాపాడడంలో అవి గొడుగువలె సాయపడతాయి. వెలుతురు తగ్గినప్పుడు గొడుగుతో పని లేదు. లభించిన కొద్దిపాటి కాంతితో ఆహారం తయారుచేసుకోవడమే మొక్కకు ముఖ్యమవుతుంది. అందుకు పత్రహరితం కావాలి. అందుచేతనే మసక గదిలో వచ్చే కొత్త ఆకులు పచ్చగా, వన్నె తక్కువగా ఉంటాయి. అది మొక్క మొండితనం కాదు, బ్రతుకు ప్రయత్నం.

గదిలో వెలుతురును అంచనా వేయడంలో మన కన్ను మనలను మోసగిస్తుంది. మధ్యాహ్నపు ఎండ కాంతి సుమారు లక్ష లక్స్‌లు ఉంటుంది. కిటికీకి దూరంగా ఉన్న గది మూలలో అది కొన్ని వందలకు మించదు. కంటిపాప విప్పారుతుంది గనుక ఆ వ్యత్యాసం మనకు తెలియదు. దీనికి సులభమైన పరీక్ష ఒకటి ఉంది. మిట్టమధ్యాహ్నం కుండీ పెట్టదలచిన చోట తెల్లకాగితం పరచి, దానికి అడుగు ఎత్తున అరచేయి చాపాలి. నీడ అంచులు స్పష్టంగా పడితే ఆ చోటు క్రోటన్‌కు తగినది. నీడ మసకగా ఉంటే వన్నె తగ్గుతుంది. నీడే పడకపోతే అక్కడ ఈ మొక్కను ఉంచరాదు. ఉదయపు ఎండ వచ్చే తూర్పు కిటికీ శ్రేష్ఠం. పడమటి కిటికీ వద్ద వేసవి ఎండకు ఆకులు మాడిపోతాయి గనుక పలుచని తెర అవసరం.

రెండవది మార్పును సహించలేకపోవడం. నర్సరీనుండి తెచ్చిన మొక్కను నేరుగా గదిలో పెట్టక, రెండు వారాలు వరండాలో ఉంచి తరువాత లోపలికి తేవడం మేలు. అప్పటికీ కొన్ని ఆకులు రాలవచ్చు. ఆకులన్నీ రాలినా వెంటనే పారవేయరాదు. కాండాన్ని గోటితో కొద్దిగా గీచినప్పుడు లోపల పచ్చదనం కనిపిస్తే మొక్క బ్రతికి ఉన్నట్లే. ఓపికతో చూస్తే మళ్ళీ చిగురిస్తుంది.

ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, ఇసుక సమపాళ్లలో కలిపి, అడుగున రంధ్రమున్న కుండీలో నింపాలి. పైమట్టి అంగుళం లోతు ఆరిన తరువాతనే నీరు పోయాలి. పళ్లెంలో నీరు నిలిస్తే వేళ్లు కుళ్లుతాయి, దోమలు కూడా పెరుగుతాయి. వేసవిలో గాలి పొడిబారినప్పుడు ఆకుల అడుగున నల్లి చేరుతుంది. తడిగుడ్డతో ఆకులను రెండువైపులా తుడుస్తూ ఉంటే ఆ బాధ తగ్గుతుంది. దుమ్ము తొలగి ఆకు వెలుతురును చక్కగా గ్రహిస్తుంది.

అలంకరణలో మితమే అందం. క్రోటన్ స్వయంగా వర్ణమయం గనుక దాని వెనుక రంగుల గోడకంటె తెల్లని గోడ మేలు. ఇంట్లో మూలపడిన ఇత్తడి గంగాళంలో కుండీని దించి పెడితే ఆకుల పసుపు వన్నెకు జోడు కుదురుతుంది. ముక్కాలి పీటపై ఒక్క క్రోటన్‌ను ఉంచి, పక్కన పచ్చని మనీప్లాంటు తీగను జారవిడిస్తే దాని వన్నె ఇంకా స్ఫుటమవుతుంది. కుండీని వారానికొకసారి కొద్దిగా తిప్పితే మొక్క ఒకవైపే వంగిపోదు.

ఒక హెచ్చరిక అవసరం. ఈ మొక్క పాలు చర్మానికి దురద, మంట కలిగిస్తాయి. బట్టలకు మరకలు పడతాయి. ఆకు నమిలితే నోరు మండుతుంది. పసిపిల్లలకు, పెంపుడు జంతువులకు అందకుండా ఉంచాలి. కొమ్మలు కత్తిరించిన తరువాత చేతులు కడుక్కోవాలి.

ఇంటి మొక్కలు గాలిని శుద్ధి చేస్తాయన్న మాట విస్తృతంగా ప్రచారంలో ఉంది. దీనికి మూలం 1989లో వెలువడిన అమెరికా అంతరిక్ష సంస్థ నాసా అధ్యయనం. ఆ ప్రయోగాలు మూసివున్న చిన్న పెట్టెల్లో జరిగాయి. అటువంటి అధ్యయనాలను 2019లో పునఃపరిశీలించిన శాస్త్రజ్ఞులు, కిటికీలగుండా సహజంగా జరిగే గాలిమార్పుకు సాటిరావాలంటే చదరపు మీటరుకు 10 నుండి 1000 వరకు మొక్కలు కావాలని లెక్కగట్టారు. కనుక గాలి కోసం మొక్కను ఆశ్రయించడంకంటె కిటికీ తెరవడమే ఉత్తమం. ఆ కిటికీ మొక్కకు కావలసిన వెలుతురును కూడా తెస్తుంది.

అద్దె గదిలో ఒకే ఒక కిటికీ ఉన్న విద్యార్థి కూడా ఆ కిటికీ చెంత ఒక క్రోటన్‌ను పెంచవచ్చు. వెలుతురు చొరని గది అయితే దీనిని తేకుండుటే దయ. మొక్క కుర్చీవంటి వస్తువు కాదు, మనకు నచ్చిన మూలన నిలబెట్టడానికి. దానికి నచ్చిన చోటేదో తెలుసుకొని, ఆ చోటును అందంగా తీర్చడమే నిజమైన గృహాలంకరణ.