పాత ఇంజనుకు క్రొత్త గొంతు

రైలు ఇంజనును కంటితో గుర్తించువారు కొందరు, చెవితో గుర్తించువారు కొందరు. స్టేషనుకు దగ్గరి వీధులలో పెరిగినవారిలో పెక్కుమంది రెండవ తెగకు చెందినవారే. బండి మలుపు తిరిగి కంటబడుటకు ముందే అది ఏ జాతి ఇంజనో వారి చెవి చెప్పివేయును. ఆవిరి ఇంజను కూతకు దక్కినంత ఆదరము లోకములో డీజిలు ఇంజను గర్జనకు దక్కలేదు. అయినను ఆ గర్జనను ప్రేమించినవారు దేశదేశములలో ఉన్నారు. జానెడు పొడవు గల బొమ్మ ఇంజనులో ఆ ధ్వనిని మరల వినవలెనని వారిలో కొందరు పట్టుబట్టిరి. ఆ పట్టుదలనుండి పుట్టిన చేతిపనియే పాత నమూనా డీజిలు ఇంజనులకు ధ్వని డీకోడర్లను అమర్చుట.

నమూనా రైళ్లు పిల్లల ఆటవస్తువులు మాత్రమే కావు. అమెరికాలోను, ఐరోపాలోను పెద్దలు సైతము వీటిని శ్రద్ధతో సేకరించి, పట్టాలు పరచి, స్టేషన్లు కట్టి నడుపుచుందురు. అమెరికాలో అధిక ప్రచారములో ఉన్న కొలత అసలు బండిలో 87వ వంతు. 1,435 మిల్లీమీటర్ల అసలు పట్టాల ఎడము ఆ లెక్కన 16.5 మిల్లీమీటర్లకు దిగును. కాలిఫోర్నియాలోని ఆథర్న్ సంస్థ 1950ల దశాబ్దినుండి ఈ కొలతలో డీజిలు ఇంజనులను తయారు చేసినది. విడిభాగములను నీలిరంగు అట్టపెట్టెలో పెట్టి అమ్మెడివారు. కొన్నవారు ఇంటివద్ద తామే కూర్చుకొనెడివారు. చవకయైనవి, గట్టివి. అందుచేత ఆ ఇంజనులు ఈనాటికిని ఎన్నో ఇండ్లలో నడుచుచునే ఉన్నవి. తండ్రి కొన్నదానిని కొడుకు, కొడుకునుండి మనుమడు అందుకొన్న సందర్భములు అరుదు కావు. కాని వాటిలో మోటారు, దీపము తప్ప మరేమియు లేవు. అవి మూగ ఇంజనులు.

పట్టాలలో ప్రవహించు మాటలు

పాత పద్ధతిలో నమూనా రైలును నడుపుట సులభము. పట్టాలకు సున్న నుండి 12 వోల్టుల వరకు విద్యుత్తును అందింతురు. వోల్టులు పెరిగినచో వేగము పెరుగును. ధన ఋణములు తారుమారైనచో బండి వెనుకకు నడుచును. ఇందులో ఒక లోపము కలదు. ఒకే పట్టాపై రెండు ఇంజనులున్నచో రెండును ఒకేమారు కదలును. బండి ఆగినప్పుడు పట్టాలలో విద్యుత్తే ఉండదు గనుక దీపము ఆరిపోవును, ధ్వనికి అవకాశమే లేదు. నిజమైన డీజిలు ఇంజను నిలిచియున్నప్పుడును గురగురలాడుచునే ఉండును గదా!

ఈ చిక్కును విప్పినది సంకేత పద్ధతి. 1935లో ఏర్పడిన అమెరికా జాతీయ నమూనా రైల్వే సంఘము, జర్మనీలోని లెంజ్ సంస్థ రూపొందించిన విధానమును ఆధారముగా గైకొని 1990ల తొలి సంవత్సరములలో ఒక ఉమ్మడి ప్రమాణమును నిర్ణయించినది. దీని ప్రకారము పట్టాలలో విద్యుత్తు ఎల్లవేళల పూర్తి బలముతో ఉండును. దాని దిశ మాత్రము సెకనుకు వేలసార్లు మారుచుండును. ఆ మార్పుల నిడివియే భాష. సెకనులో పది లక్షలవ వంతును మైక్రోసెకను అందురు. 58 మైక్రోసెకనుల కొకమారు దిశ మారినచో అది 'ఒకటి'; 100 మైక్రోసెకనులో, అంతకు మించియో పట్టినచో అది 'సున్న'. ఈ ఒకట్లు, సున్నల వరుసలో 'మూడవ నంబరు ఇంజను ముందుకు నడువవలెను', 'ఏడవ నంబరు ఇంజను హారను మ్రోగింపవలెను' అను ఆజ్ఞలు పోవుచుండును. వాటిని విప్పి తెలిసికొనునదే డీకోడర్. తన నంబరుకు వచ్చిన ఆజ్ఞను గ్రహించి, తక్కినవాటిని విడిచిపెట్టును. క్లాసులో హాజరు పిలుచునప్పుడు తన పేరుకు మాత్రమే పలుకు విద్యార్థి వంటిది.

గర్జనలోని గణితము

ఆవిరి ఇంజను ధ్వనిని అనుకరించుట ఒక విధముగా తేలిక. రెండు సిలిండర్ల ఇంజనులో చక్రము ఒక చుట్టు తిరుగుసరికి నాలుగు 'ఛుక్కులు' వినవచ్చును. చక్రమును లెక్కించినచో ధ్వని దొరకినట్లే. డీజిలు ఇంజనుకు ఈ లెక్క చెల్లదు. అందులో ఇంజను జనరేటరును త్రిప్పును. జనరేటరునుండి వచ్చిన విద్యుత్తు చక్రముల వద్దనున్న మోటారులను త్రిప్పును. ఇంజను వేగమునకు, చక్రముల వేగమునకు నేరుగా సంబంధము లేదు. బరువైన గూడ్సుబండి కదలుటకు ముందు ఇంజను పెద్దపెట్టున గర్జించును, చక్రములు మాత్రము మెల్లమెల్లగా కదలును. వేగము అందుకొన్న పిమ్మట పల్లములో బండి పరుగెత్తుచుండగా ఇంజను సద్దుమణగి ఉండును. ఈ స్వభావమును ఎరుగని ధ్వని ఎంత బిగ్గరగానున్నను అబద్ధమే.

ఒక్కొక్క ఇంజనుకు ఒక్కొక్క గొంతు ఉండుటకు కారణము కొంత గణితములోనే ఉన్నది. జనరల్ మోటార్స్ వారి ఎలక్ట్రో-మోటివ్ విభాగము 1972లో ప్రవేశపెట్టిన ఎస్.డి. 40-2 ఇంజనులో 16 సిలిండర్లు కలవు. అది రెండు స్ట్రోకుల జాతి. అనగా ప్రతి సిలిండరులోను ప్రతి చుట్టుకు ఒకమారు ఇంధనము మండును. నిమిషమునకు 900 చుట్లు తిరిగినచో సెకనుకు 240 పేలుళ్లు. ఆల్కో సంస్థ వారి 251 రకపు ఇంజనులోను 16 సిలిండర్లు కలవు గాని అది నాలుగు స్ట్రోకుల జాతి. ప్రతి సిలిండరు రెండు చుట్లకు ఒకమారు మాత్రమే పేలును. నిమిషమునకు 1,000 చుట్లు తిరిగినను సెకనుకు 133 పేలుళ్లే. ఊరక నిలిచి నిమిషమునకు 400 చుట్లు తిరుగునప్పుడు అవి 53కు దిగును. అందుకే ఒకటి ఎడతెగని మ్రోతగా వినబడగా, రెండవది విడివిడి దెబ్బల గుబగుబగా వినబడును. ఒక జాతి బొమ్మలో మరొక జాతి ధ్వనిని పెట్టినచో తెలిసినవారి చెవికి అది కాకి గూటిలో కోకిల కూసినట్లుండును.

ధ్వని డీకోడర్ ఈ గొంతులను జ్ఞాపకముంచుకొను చిన్న పలక. అసలు ఇంజనువద్ద మైక్రోఫోన్లు పెట్టి, అది మొదలగునప్పటి దగ్గు, ఊరక నిలిచిన గురగుర, అమెరికా ఇంజనులలో సామాన్యముగా ఉండు ఎనిమిది మెట్ల త్రాటిలులో ఒక్కొక్క మెట్టుకు తగిన గర్జన, మెట్టునుండి మెట్టుకు ఎక్కుట, దిగుట, హారను, గంట, బ్రేకుల కీచుమనుట, అన్నింటిని వేరువేరు ముక్కలుగా నమోదు చేయుదురు. ఆజ్ఞనుబట్టి పలక ఆ ముక్కలను అతుకు తెలియకుండ కూర్చి వినిపించును. అంతేకాక, మోటారుకు పంపు విద్యుత్తును క్షణములో అతి స్వల్పభాగము ఆపి, తిరుగుచున్న ఆ మోటారు తానే పుట్టించు వోల్టులను కొలిచి, బండి నిజమైన వేగమును తెలిసికొనును.

శస్త్రచికిత్స

ఇట్టి పలకను నేటి క్రొత్త నమూనాలో పెట్టుట దీపము మార్చుటవలె సులభము. తగిన అమరిక ముందే ఉండును. పాత ఆథర్న్ ఇంజనులో అట్లు కాదు. దాని అడుగుచట్రము పోతపోసిన లోహము. ఒక ప్రక్క పట్టానుండి వచ్చు విద్యుత్తు చక్రముల గుండా ఆ చట్రమునంతటిని ఆవరించును. మోటారు క్రిందనున్న బ్రష్‌ను పట్టియుంచు రేకునకు చిన్న కొమ్ములుండును. అవి చట్రమును తాకుచుండును. పై బ్రష్‌కు రెండవ ప్రక్క విద్యుత్తు ఒక లోహపు బద్ద ద్వారా చేరును. పాత పద్ధతికి ఇది చక్కని పొదుపు. క్రొత్త పద్ధతికి ఇదియే ప్రాణాంతకము. మోటారుకు డీకోడర్ తప్ప మరి ఏ దారినుండియు విద్యుత్తు అందరాదు. మోటారులోని ఏ కొన చట్రమునకు తాకినను పలక క్షణములో కాలిపోవును.

కావున మొదటి పని మోటారును ఒంటరిని చేయుట. మోటారును పైకి తీసి, క్రింది రేకు కొమ్ములను కత్తిరించి, లేదా తీసివేసి, చట్రముపై వేడికి తట్టుకొను కాప్టాన్ పట్టీని అంటింతురు. పిమ్మట తీగలను టంకముతో అతుకుదురు. ఈ తీగల రంగులు సంఘము నిర్ణయించినవే: ఎరుపు, నలుపు పట్టాలకు, నారింజ, బూడిద మోటారుకు, తెలుపు ముందు దీపమునకు, పసుపు వెనుక దీపమునకు, నీలము దీపములన్నింటికి ఉమ్మడి ధనధ్రువము. పాత దీపము కూడ చట్రమును ఆశ్రయించియుండును గనుక దానిని తీసి ఎల్.ఇ.డి.ని పెట్టుట మేలు. దానికి సుమారు 1,000 ఓముల నిరోధకము అవసరము. 12 వోల్టులలో దీపము 3 వోల్టులను తీసికొనగా మిగిలిన 9 వోల్టులను 1,000తో భాగించినచో 9 మిల్లీ ఆంపియర్లు వచ్చును. ఓం సూత్రమునకు ఇంతకన్న ముచ్చటైన ఉదాహరణము తరగతిలో దొరకుట కష్టము.

రెండవ పరీక్ష మోటారు ఆకలిని కొలుచుట. పాత మోటారులు విద్యుత్తును ఎక్కువగా త్రాగును. 12 వోల్టులు ఇచ్చి, ఇరుసును ఒకటి రెండు సెకనులు మాత్రము తిరుగనీయక పట్టుకొని, ఆంపియర్లను చూడవలెను. ఈ కొలతకొరకు తయారగు డీకోడర్లలో పెక్కు ఒక ఆంపియరు, ఒకటిన్నర ఆంపియరుల వరకు మాత్రమే భరింపగలవు. మోటారు అంతకుమించి అడిగినచో మోటారునే మార్చవలెను. పలకను కలుపుటకు ముందు మల్టీమీటరుతో మోటారుకు చట్రమునకు మధ్య, మోటారుకు పట్టాలకు మధ్య ఎట్టి సంబంధమును లేదని నిర్ధారించుకొనవలెను. ఆ పిమ్మట తక్కువ విద్యుత్తు మాత్రమే ప్రసరించు పరీక్షాపట్టాపై నిలిపి చూడవలెను. ఈ రెండు నిమిషముల ఓపిక లేనివారు ఎంతో ధర పెట్టి కొన్న పలకను పొగగా చూతురు.

గొంతుకు గది

ఇక స్పీకరు. రేకువంటి దాని పొర ముందుకు కదలినప్పుడు వెనుక గాలి పలుచనగును. ముందు అల, వెనుక అల కలిసినచో ఒకదాని నొకటి చంపుకొనును. అందుచేత స్పీకరు వెనుక సందులేని చిన్న పెట్టెను అమర్చవలెను. పెట్టె లేని మంచి స్పీకరు కన్న పెట్టె గల మామూలు స్పీకరు బిగ్గరగా పలుకును. ఇచట పాత నమూనాల విషయములో ఒక విచిత్రము కలదు. తొలినాటి ఆథర్న్ ఇంజనులలో కొన్నింటికి, లోపలి మోటారు వెడల్పుగా ఉండుటచేత, పైకప్పును అసలు కొలతకన్న లావుగా చేసిరి. ఎన్నో ఏండ్లు విమర్శకులు ఎత్తిచూపిన ఆ తప్పే, సన్నని క్రొత్త మోటారును పెట్టిన నాడు స్పీకరుకు స్థలమై అక్కరకు వచ్చినది.

వ్రేలిగోరు కన్న కొంచెము పెద్దదైన స్పీకరు సెకనుకు 53 కంపనముల మంద్రస్వరమును పలుకజాలదు. అయినను వినువానికి ఆ గంభీరత తోచును. మూలస్వరము లేకున్నను దాని పైస్వరములు క్రమముగా ఉన్నచో, మానవుని శ్రవణశక్తి లోపించిన స్వరమును తానే పూరించుకొనును. సగము ధ్వని యంత్రమునుండి, సగము మన మెదడునుండి పుట్టుచున్నదన్నమాట. బిగ్గరగా మ్రోగించిన కొలది ఈ మాయ చెడిపోవును. తగ్గించిన కొలది పండును.

ఈ పనికి ఆక్షేపణ లేకపోలేదు. పాత వస్తువును కోయరాదు, దాని విలువ అది పుట్టిన రూపములోనే ఉన్నదని సేకర్తలు కొందరు వాదింతురు. ఆ మాటలో సత్యము కలదు. పెట్టెతో సహా చెక్కుచెదరని అపురూపమైన నమూనాను ముట్టకుండుటయే వివేకము. కాని లక్షణముగా నడచి, అరిగి, ఏ మూలనో దుమ్ముపట్టి పడియున్నదాని సంగతి వేరు. దానికి చట్రమును కోయక పట్టీతోనే పని జరిపి, తీసిన ప్రతి భాగమును పాత నీలిపెట్టెలోనే భద్రపరచినచో రేపటివాడు కోరినప్పుడు పూర్వరూపమునకు తేగలడు. మరమ్మతు చేయువాడు తనకు ముందువాని పనిని, తనకు తరువాతివాని హక్కును గౌరవించుటయే ఇందులోని నీతి.

ఈ కథ తెలుగువారికి బొత్తిగా దూరమైనదియు కాదు. పైన చెప్పిన ఆల్కో 251 ఇంజనే 1962లో డబ్ల్యు.డి.ఎమ్.-2 రూపమున భారతదేశమునకు వచ్చినది. 1964 నుండి వారణాసిలో తయారైనది. 2,600 అశ్వశక్తి గల ఆ ఇంజనులకు కాజీపేట, గుత్తి షెడ్లు నివాసములైనవి. అమెరికాలో ఆల్కో సంస్థ 1969లో రైలింజనుల తయారీని మానుకొన్నది. దాని గొంతు మాత్రము దక్కను పీఠభూమిలో దశాబ్దములపాటు మ్రోగినది. తెలుగు పల్లెలలో రాత్రివేళ దూరమునుండి వినవచ్చిన ఆ గుబగుబ, న్యూయార్కు రాష్ట్రములోని షెనెక్టడీలో పుట్టిన గుబగుబయే. విద్యుత్తు తీగలు ప్రాకిన కొలది అదియు ఇచట సన్నగిల్లుచు వచ్చినది.

ఇంజను రూపమును చిత్రపటములనుండి, నక్షలనుండి ఎప్పుడైనను తిరిగి నిర్మింపవచ్చును. దాని ధ్వనిని అట్లు నిర్మింపజాలము. చివరి ఇంజను ఆగకముందే ఎవరో ఒకరు మైక్రోఫోను పట్టి నిలువవలెను. నమూనా రైళ్ల అభిమానులు తమ వినోదముకొరకు చేయించుకొన్న నమోదులు, తెలియకుండనే, మూగపోవుచున్న యంత్రముల వాఙ్మయముగా పరిణమించుచున్నవి. బడిలో ఒక బల్లపై ఇట్టి ఇంజనునొకదానిని విప్పి చూపగల ఉపాధ్యాయుడు విద్యుత్తును, ధ్వనిని, గణితమును, చరిత్రను ఒకేమారు బోధింపగలడు. ఆ బల్లచుట్టు చేరిన విద్యార్థులలో ఒక్కడైనను, తన ఊరి పొలిమేరలో ఇంకను మ్రోగుచున్న ఏ పాత యంత్రమునో చెవియొగ్గి విని నమోదు చేయ పూనుకొన్నచో, ఆ పాఠము ఫలించినట్లే.