చలికి గరిక ఎందుకు పాలిపోతుంది?

వినాయకచవితి పూజలో వాడే గరికే చాలా ఇళ్ల ముందు లాన్‌గా కూడా పెరుగుతుంది. అది వేడిని ఇష్టపడే గడ్డి. ఉష్ణోగ్రత 15 డిగ్రీల కంటే తగ్గితే దాని ఎదుగుదల మందగిస్తుంది. ఆదిలాబాద్ వైపు డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు కూడా దిగుతుంది. అప్పుడు ఆకుల్లోని పత్రహరితం విచ్ఛిన్నమవుతుంది, కొత్తది త్వరగా తయారుకాదు. అందుకే పచ్చదనం పోయి పసుపుబారుతుంది.

గడ్డి చచ్చిపోయిందని పీకేయకండి! నేలలోని కాండాలు ప్రాణంతోనే ఉంటాయి. వాటిలో దాచుకున్న పిండిపదార్థమే చలికాలమంతా దానికి ఆహారం.

ఆ నిల్వను తయారుచేసేవి ఆకులే. కాబట్టి దీపావళి దాటాక గడ్డిని నేలబారుగా కత్తిరించకూడదు, కాస్త ఎత్తుగా వదలాలి. యూరియా వేస్తే లేత చిగుళ్లు వచ్చి చలికి దెబ్బతింటాయి. రాలిన ఆకులు కప్పేస్తే ఎండ తగలదు, ఊడ్చేయాలి. నీళ్లు తక్కువ చాలు, అవీ పొద్దున్నే. సాయంత్రం పోస్తే రాత్రంతా తడి నిలిచి బూజు తెగుళ్లు పట్టే ప్రమాదముంది.

ఎరువు మాత్రం ఎండలు ముదిరి కొత్త చిగురు కనిపించాకే వేయండి.