ప్రయాణమునకు ముందు చేప పిల్లలను నిలువ ఉంచుట

దూరమునుండి చేప పిల్లలను తెచ్చి చెరువులో వదలిన మరునాడు గట్టు వెంబడి చచ్చిన పిల్లలు తేలుట పెక్కు గ్రామములలో చూచుచున్న విషయమే. దారి బాగుగా లేదనియు, లారీ కుదిపినదనియు అందురు. కుదుపువలన కొంత నష్టము లేకపోలేదు. అయితే ఎక్కువ పిల్లలు చచ్చుటకు కారణము వాటి కడుపులో ఉండును. నిండు కడుపుతో సంచిలోనికి చేరిన పిల్ల దారి పొడవునా మలము విసర్జించుచుండును. ఆ మలము కుళ్లి నీటిలోని ప్రాణవాయువును హరించును. మొప్పల ద్వారా వెలువడు అమ్మోనియా దానికి తోడగును. కనుక పిల్లలను వల నుండి నేరుగా బండికి ఎక్కింపక, కొంతకాలము మేత లేకుండ నిలువ ఉంచి, కడుపు ఖాళీ అయిన పిమ్మటనే పంపవలెను.

ఇది కొత్త సంగతి కాదు. నదులలో దొరకు పిల్లలపైననే ఆధారపడిన రోజులలో బెంగాలు ప్రాంతమువారు వాటిని మట్టి కుండలలో పోసి, కుండలను చేతులతో కదుపుచు రైళ్లలో తీసికొని పోయెడివారు. 1957లో హీరాలాల్ చౌధురి, అలికున్హి అను శాస్త్రజ్ఞులు ఒడిశాలో పీయూష గ్రంథి రసమును సూదితో ఎక్కించి, గండిచేపల చేత గ్రుడ్లు పెట్టించుటలో కృతకృత్యులైరి. నాటినుండి పిల్లల ఉత్పత్తి క్రమముగా కేంద్రములకు చేరినది. కుండ పోయి ప్రాణవాయువు నింపిన ప్లాస్టిక్ సంచి వచ్చినది. సంచి మారినను పిల్ల కడుపు మారలేదు.

నిలువ ఉంచుటకు హాపా అనువైనది. ఇది దోమతెర వంటి సన్నని వలబట్టతో కుట్టిన పెట్టె. 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, 1 మీటరు లోతు గల హాపాను నాలుగు వెదురు కర్రలకు కట్టి, నీటిలో నిలుపవచ్చును. అడుగు బురదకు తగులరాదు. చెట్ల నీడన, గుఱ్ఱపుడెక్క మధ్యన కట్టరాదు. గాలి తగిలి నీరు కదలు చోట కట్టవలెను. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చిరుపిల్లలకు ఒక దినము, వ్రేలెడు పిల్లలకు 2 లేక 3 దినములు మేత మానిపించిన చాలును. ఈ సమయములో ఒకచోట గుమిగూడి ఉండుట కూడ వాటికి అలవడును. బలహీనమైనవి, దెబ్బ తగిలినవి ఇక్కడనే చచ్చును. అట్టి వాటిని వెంటనే ఏరివేయవలెను. సంచిలో చచ్చిన ఒక పిల్ల తక్కిన వాటికి ముప్పు తెచ్చును గనుక, ఈ నష్టము హాపాలో జరుగుటయే మేలు.

హాపా ఉన్న చోట తెల్లవారుజామున కాపలా అవసరము. రాత్రియంతయు నాచు, మొక్కలు, చేపలు అన్నియు ప్రాణవాయువును వాడుకొనుటచే సూర్యోదయమునకు ముందు చెరువులో అది మిక్కిలి తక్కువగా ఉండును. పిల్లలు పైకి వచ్చి నోళ్లు తెరచుచున్నచో బిందెతో నీరు ఎత్తి పోయుచుండవలెను, లేదా కొన్నింటిని వేరొక హాపాలోనికి మార్చవలెను. పగలు చూచి బాగున్నవని ఇంటికి పోయి పండుకొన్నవారే ఎక్కువగా నష్టపోవుచున్నారు.

కొందరు సిమెంటు తొట్లలో నిలువ చేయుదురు. కొత్త తొట్టిలో సున్నము ఊరి నీటి క్షారము పెరుగును. నీరు క్షారమైన కొలది అమ్మోనియా మరింత విషమగును. కావున కొన్నాళ్లు నీరు నింపుచు, తీసివేయుచు తొట్టిని నానబెట్టవలెను. మునిసిపల్ కుళాయి నీటిలో క్లోరిన్ ఉండును. దానిని ఒక దినము ఆరుబయట నిలువ ఉంచి వాడవలెను. పాత తొట్టిలో మరియొక మేలు కలదు. దాని గోడలకు, గులకరాళ్లకు పట్టిన జిగురు పొరలో అమ్మోనియాను నైట్రైటుగాను, దానిని నైట్రేటుగాను మార్చు సూక్ష్మజీవులు నివసించును. తొట్టి మార్చునపుడు ఆ రాళ్లను కుళాయి నీటితో తోమక, ఎండబెట్టక, తడి గోనె కప్పి నీడలో తీసికొనిపోయి కొత్త తొట్టిలో వేసిన మంచిది. అద్దపు తొట్లలో సముద్రపు చేపలను పెంచువారు జీవములున్న పగడపు రాళ్లను ఇల్లు మారునపుడు ఇంత జాగ్రత్తతోనే తడిగా మోయుదురు. వారి నీటి శుద్ధి ఆ రాళ్లపైననే ఆధారపడియున్నది.

ఇక సంచి విషయము. మూడింట ఒక వంతు శుభ్రమైన నీరు పోసి, పిల్లలను వదలి, మిగిలిన గాలిని నొక్కివేసి ప్రాణవాయువు నింపి బిగించి కట్టవలెను. నీరు 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకొనును. 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే. వేడికి పిల్ల అవసరము మాత్రము పెరుగును. అందుచే రాత్రివేళ ప్రయాణము చేసి, సంచులపై తడి గోనెలు కప్పవలెను. సంచికి ఎన్ని పిల్లలు అనునది వాటి సైజును, ప్రయాణపు గంటలను బట్టి మారును. కొత్త మార్గమైనచో ముందుగా ఒక సంచి కట్టి, అన్ని గంటలు నీడన ఉంచి, పిల్లల స్థితి చూచుట మంచిది. ఒక సంచి ఖర్చుకు వెనుదీసి బండెడు పిల్లలను పోగొట్టుకొనుట తెలివి కాదు.

చెరువు చేరిన తరువాత సంచులను విప్పక, 15 నుండి 20 నిమిషములు నీటిపై తేలనీయవలెను. లోపలి వేడి, బయటి వేడి సమానమగును. ముందుగనే విప్పి గంటల తరబడి ఉంచుటలో ఒక ప్రమాదమున్నది. మూసిన సంచిలో పిల్లలు విడిచిన బొగ్గుపులుసు వాయువు నీటిని కొంత పులియజేసి అమ్మోనియా తీవ్రతను అణచి ఉంచును. విప్పినంతనే ఆ వాయువు పోవును, అమ్మోనియా తిరుగబడును. కనుక విప్పిన పిమ్మట చెరువు నీటిని కొద్దికొద్దిగా కలిపి, ఆలస్యము చేయక, పిల్లలను వాటంతట అవే ఈదిపోవునట్లు సంచిని వంచవలెను.

పంచాయతీ చెరువులకు పిల్లలను స్వీకరించు ఉద్యోగులు ఆ రోజుననే 100 పిల్లలను లెక్కించి అదే చెరువులో ఒక చిన్న హాపాలో వదలవలెను. మరునాడు అదే సమయమునకు బ్రదికియున్న వాటిని లెక్కించి రిజిస్టరులో వ్రాసికొనవలెను. 70 మిగిలినచో, చెరువులో వదలిన వాటిలోను సుమారు అంతే మిగిలినవని తలచి, తక్కువ పడిన పిల్లలను ఆ వారములోనే తెప్పించుకొనవచ్చును.