పెన్నకు నీరొస్తేనే పుట్టికి పని

పెనుకొండ: తెల్లవారకముందే జాలరి పుట్టిని నెత్తిన బోర్లించుకుని చెరువు గట్టెక్కుతాడు. రాత్రి కట్టిన వలలు ఎండ ముదరకముందే తీయాలి మరి. వెదురు బద్దలను బుట్టలా అల్లి, తారు పూసిన పట్టా కప్పితే పుట్టి సిద్ధం. తెడ్డు పక్కన వేస్తే గిరగిర తిరుగుతుంది. ముందువైపు వేసి లాగితేనే సాగుతుంది.

ఇది నిన్నమొన్నటి పడవ కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, తోలు కప్పిన ఈ గుండ్రని పడవల్లో పదిహేను, ఇరవై మంది ఏరు దాటేవారని రాశాడు. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడాక రాయల వారసులు రాజధానిని పెనుకొండకు మార్చారు.

నంది కొండల్లో పుట్టి హిందూపురం వైపుగా వచ్చే పెన్నలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. అందుకే పుట్టికి చెరువులే దిక్కు. 2016లో హంద్రీ-నీవా ద్వారా గొల్లపల్లి జలాశయానికి కృష్ణా జలాలు చేరాయి.

వాన ముదిరితే ఏరు ఒక్కసారిగా పొంగుతుంది. 2021 నవంబరులో చిత్రావతి వరదలో చిక్కుకున్నవారిని హెలికాప్టరుతో ఒడ్డుకు చేర్చాల్సి వచ్చింది. నిలకడ నీటిలోనే పుట్టి సుఖం. ఏరు ఉరికేటప్పుడు గట్టు మీద ఉండటమే క్షేమం.