ఆకు చుట్టే ముక్కుపురుగుకి పేరెవరు పెడతారు?

వినండర్రా! మీ నానమ్మ బియ్యం చేటలో పోసి చెరిగేటప్పుడు ఏరి అవతల పారేసే పురుగుంది చూశారా, ముందుకు సాగిన సన్నటి ముక్కుతో? అదే ముక్కుపురుగు. బియ్యపుగింజలో సగం కూడా ఉండదు గానీ దాని వంశం మహా పెద్దది. ఇప్పటిదాకా మనుషులు పేరు పెట్టి పుస్తకాలకెక్కించిన ముక్కుపురుగులే 60,000 రకాల పైచిలుకు. పేరు పడనివి ఇంకా ఎన్నో, ముఖ్యంగా వేడి దేశాల అడవుల్లో. ఆ వంశంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన శాఖ ఆకు చుట్టే ముక్కుపురుగులు. వాటి పనితనం చెప్తాను. కొత్త రకం దొరికితే దానికి పేరెలా వస్తుందో కూడా చెప్తాను, ఎందుకంటే ఆ పని జరిగే చోటు కలకత్తా దగ్గరున్న మన బడ్జ్ బడ్జ్ లోకల్ రైలు దారిలోనే ఉంది.

ముందు ఆ ముక్కు సంగతి. వాసన చూడటానికి కాదది. దాని కొసన నోరుంటుంది, నోట్లో కత్తెర దవడలుంటాయి. ఆ ముక్కుతో చిన్న కన్నం తొలిచి, అందులో గుడ్డు పెడుతుంది ఆడపురుగు. ఈ ఊరి అన్నం ఆ కన్నంతో ముడిపడి ఉంది. శ్రీకాకుళం, గంజాం వైపునుంచి మనవాళ్లు హుగ్లీ ఒడ్డు మిల్లులకు వచ్చింది జనపనార పని కోసమే కదా. ఆ జనపమొక్కకు ఏపియన్ కార్కోరీ అనే బుల్లి ముక్కుపురుగు ఒకటి పడుతుంది. ఆకు తొడిమ మొదట్లో కాండాన్ని తొలిచి గుడ్డు పెడుతుంది. లోపల పిల్లపురుగు తినేచోట జిగురు ఊరి, నారతో కలిసి గట్టిపడిపోతుంది. తర్వాత నీళ్లలో ఎన్నాళ్లు ఊరబెట్టినా ఆ ముడి విడదు. బేలు విప్పి నార చూసినవాళ్లకు ఆ ముడులంటే ఏమిటో బాగా తెలుసు. ఆ జనప పురుగుకు పేరు పెట్టింది గై మార్షల్ అనే ఇంగ్లీషాయన. మన దేశపు ముక్కుపురుగుల మీద 1916లో పెద్ద గ్రంథం రాశాడు. జీవితమంతా ముక్కుపురుగులతోనే గడిపి రెండు వేలకు పైగా రకాలకు పేర్లు పెట్టాడాయన. అంత ఓపిక తలుచుకుంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇక మన ఆకు చుట్టేవి. శాస్త్రంలో వీటి కుటుంబం పేరు అట్టెలాబిడే. బియ్యం పురుగు మీసాలు మధ్యలో మడతపడి ఉంటాయి, వీటి మీసాలు తిన్నగా ఉంటాయి. మొదట చూడాల్సిన గుర్తు అదే. మన దేశంలో బాదం ఆకుల్నీ మామిడి ఆకుల్నీ చుట్టేదొకటుంది, అపోడెరస్ ట్రాంక్విబారికస్ అని. తమిళదేశపు తీరంలో తరంగంబాడి ఉంది చూడండి, ఒకప్పుడు డేన్లది. ఆ ఊరి పేరే దీనికొచ్చింది. జీవులకు పేర్లు పెట్టే పద్ధతి ఏర్పరచిన లినేయస్ శిష్యుడు ఫాబ్రిషియస్ పెట్టాడు. చిలగడదుంపను పాడుచేసే ముక్కుపురుగుకు 1798లో పేరు పెట్టిందీ ఆయనే.  

ఆడపురుగు చేసే పని చూడాలర్రా! ముందు ఆకు మీద అటూ ఇటూ నడుస్తుంది. ఊరికే తిరగడం కాదది, కొలత. తర్వాత ఆకు అంచునుంచి నడిమి ఈనె వైపు అడ్డంగా కోస్తుంది. ఈనెను పూర్తిగా తెంపదు, అక్కడక్కడా కొరికి గాయం చేస్తుంది. దాంతో కిందిభాగానికి నీరందక ఆకు వాడి మెత్తబడుతుంది. పచ్చి ఆకు మడిస్తే చిట్లుతుంది, వాడిన ఆకు చెప్పిన మాట వింటుంది. మా తాతగారు పొగాకును తడిపి, పదును చూసి, అప్పుడే చుట్ట చుట్టేవారు. ఇదీ అదే కిటుకు, కాకపోతే తడిపే బదులు వాడ్చడం. ఈనె వెంట ఆకును రెండుగా మడిచి, కొసనుంచి పైకి చుట్టుకుంటూ వస్తుంది. మధ్యలో ఆగి గుడ్డు పెట్టి మళ్లీ చుడుతుంది. దారం లేదు, జిగురు లేదు. మడతలు ఒకదాంట్లో ఒకటి దూర్చి, అంచులు లోపలికి నొక్కి బిగిస్తుంది. లోపలి పిల్లకు ఆ చుట్టే ఇల్లు, అదే తిండి. గోడల్ని తింటూ పెరిగి, అందులోనే ప్యూపా అయి, రెక్కలొచ్చాక కన్నం చేసుకుని బయటికొస్తుంది. కొన్ని రకాలు చుట్టను చెట్టుకే వేలాడనిస్తాయి, కొన్ని కోసి నేల మీద పడేస్తాయి.

మామిడిచెట్టుకు దీని దాయాది ఒకటుంది, డెపోరస్ మార్జినాటస్ అని. అది చుట్టదు, లేత చిగురాకు మీద గుడ్లు పెట్టి, ఆ ఆకును కత్తెరతో కత్తిరించినట్టు అడ్డంగా కోసి కింద పడేస్తుంది. చెట్టుకింద ఎర్రటి లేతాకులు ఒకే తీరుగా తెగి పడి ఉంటే ఎవరో పిల్లలు తెంపారనుకుంటారు. ఆ రాలిన ఆకుల్లోనే పిల్లపురుగులుంటాయి, ఎదిగాక మట్టిలోకి దిగిపోతాయి. అందుకే ఆ ఆకుల్ని వెంటనే ఊడ్చి తగలబెట్టమని తోటవాళ్లకు చెప్తారు. బెంగాల్లో మామిడి పెంచేవాళ్లకు ఇది పెద్ద బెడద.

ఈ శాఖలో నన్ను ఎంతకాలమైనా ఆశ్చర్యపరిచేవి రెండున్నాయి. ఐరోపాలో బిర్చి చెట్టు ఆకును గరాటాలా చుట్టే పురుగుంది. అది ఆకును తిన్నగా కోయదు, ఒక వంపు గీతలో కోస్తుంది. జర్మనీలో ఆఖెన్ నగరపు వైద్యుడు డెబే దాన్ని ఏళ్ల తరబడి గమనించి 1846లో పుస్తకం వేశాడు. ఆ వంపును లెక్కగట్టమని హైస్ అనే గణితశాస్త్రజ్ఞుణ్ణి అడిగాడు. ఒక వంపు అంచు చుట్టూ దారం చుట్టి, బిగువు వదలకుండా విప్పుతూ పోతే దారపు కొస ఒక గీత గీస్తుంది కదా? హాయిగెన్స్ అనే మహానుభావుడు 1673లో లోలకం గడియారాల పుస్తకంలో ఆ గీతల లెక్క తేల్చాడు. పురుగు కోత ఆ లెక్కకు సరిపోయింది! ఆకు అంచు ఒక వంపైతే, దానికి జతపడే రెండో వంపునే అది కోస్తోంది. దానికి గణితం తెలుసని కాదు. కోత అలా ఉంటేనే గరాటా బిగుస్తుంది, బిగిసిన గరాటాలో పిల్ల బతుకుతుంది, బతికిన పిల్లే మళ్లీ అలా కోస్తుంది. లక్షల ఏళ్లు అలా గడిచాయి.

రెండోది యూఆప్స్ అనే జాతిది. చైనాలో ఉండే ఒక యూఆప్స్ ఆడపురుగు, ఒంటిమీద ప్రత్యేకమైన గుంటల్లో పెనిసిలియం జాతి బూజు బీజాల్ని దాచుకు తిరుగుతుంది. ఆకు చుట్టేటప్పుడు వాటిని లోపల అంటిస్తుంది. ఆ బూజు వదిలే మందు వేరే చెడ్డ బూజుల్ని పెరగనివ్వదు. వానాకాలపు చెమ్మలో రోజుల తరబడి ఆకు కుళ్లకుండా పిల్లకు తిండి నిలవ ఉంటుంది. మనుషులం పెనిసిలిన్ కనిపెట్టామని గర్వపడతాం, సరే, పడదాం. కానీ ఈ తల్లి ఆ బూజును మనకన్నా ఎంత ముందు వాడుకుందో ఆలోచించండి.

మరి మీకు బాదంచెట్టు కింద ఒక చుట్ట దొరికి, అందులోంచి వచ్చిన పురుగు ఏ పుస్తకంలోనూ లేదనిపించిందనుకోండి. అది కొత్త రకమని ఎవరు తేలుస్తారు? ఇక్కడ బడ్జ్ బడ్జ్ లో రైలెక్కి నుంగీ, ఆక్రా, సంతోష్‌పూర్, బ్రేస్ బ్రిడ్జి, మాజేర్‌హాట్ దాటితే న్యూ ఆలీపూర్ వస్తుంది.  ఆ న్యూ ఆలీపూర్‌లో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉంది. 1916 జూలై 1న పుట్టింది, నెల్సన్ అనన్‌డేల్ మొదటి డైరెక్టరు. దేశపు జంతు నమూనాల ఖజానా అక్కడే ఉంది.

అక్కడ కూర్చునేవాళ్లు పురుగును త్రిభుజాకారపు అట్టముక్క కొసకు అంటించి, సూది గుచ్చి నిలబెడతారు. సూక్ష్మదర్శిని కింద ముక్కు పొడవు, మీసాల్లో గణుపులు, రెక్కపెంకుల మీద గుంటల వరసలు, కాళ్ల మీది ముళ్లు, అన్నీ కొలుస్తారు. పైపైన ఒకేలా ఉండే రెండు రకాలు లోపల వేరుగా ఉంటాయి గనక, మగపురుగు సంతానాంగాన్ని విడదీసి, క్షారంలో నానబెట్టి శుభ్రంచేసి బొమ్మ గీస్తారు. ఇప్పుడు డీఎన్ఏ కూడా చూస్తున్నారు. అసలు కష్టం తర్వాత. రెండు వందల ఏళ్లుగా రకరకాల భాషల్లో వచ్చిన వర్ణనలన్నీ వెదకాలి. ఈ కుటుంబం మీద ఎడ్వర్డ్ ఫాస్ అనే శాస్త్రజ్ఞుడు రాసినవీ, మన కాలంలో సైబీరియాలోని నొవొసిబీర్‌స్క్‌లో ఉండే లెగాలోవ్ రాసినవీ చూడకుండా ఎవరూ అడుగు వేయలేరు. మడగాస్కర్ జిరాఫీ పురుగు సంగతే చూడండి. 1860లో పేరు పడింది. మగదాని మెడ ఆడదానికన్నా రెండుమూడు రెట్లు పొడుగు. విడివిడిగా దొరికితే రెండు రకాలని పొరపాటు పడటం ఎంత సులువు! అలా ఒకే పురుగుకు రెండు పేర్లు పడితే ముందు పడ్డ పేరే నిలుస్తుంది. ఆ లెక్క మొదలయ్యేది లినేయస్ 1758 పుస్తకంనుంచి.

అన్నీ తేలాక ఒకే ఒక్క పురుగును ఎంచి దానికి ఎర్రచీటీ కడతారు. అది హోలోటైప్. ఆ పేరు ఇక ఎప్పటికీ ఆ ఒక్క దేహానికే కట్టుబడి ఉంటుంది. నూరేళ్ల తర్వాత ఎవరికి సందేహం వచ్చినా వచ్చి దాన్నే చూడాలి. వర్ణన అచ్చయ్యేదాకా ఆ పేరుకు ప్రాణం లేదు. కంప్యూటరులో మాత్రమే వచ్చే పత్రికల్లో అయితే 2012నుంచి జూబ్యాంకు అనే జంతువుల పేర్ల అధికారిక పట్టికలో నమోదు కూడా ఉండాలి. పేరు ఏది పెట్టాలన్నది రాసేవాళ్ల ఇష్టం. అలెగ్జాండర్ రీడెల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 2013లో న్యూగినీనుంచి ఒకేసారి 101 కొత్త ముక్కుపురుగుల్ని వర్ణించాల్సి వచ్చి, అక్కడి టెలిఫోన్ డైరెక్టరీలోని ఇంటిపేర్లను కూడా తీసుకున్నాడు.

ఇంత పని కనకే ఆలస్యం. ఒక జీవిని పట్టుకున్న రోజుకూ, కొత్త రకంగా వర్ణన అచ్చయ్యే రోజుకూ మధ్య సగటున 21 ఏళ్లు గడుస్తున్నాయని 2012లో లెక్క తేల్చారు. అంటే కొత్త పురుగులు అడవిలోనే కాదు, అద్దాల పెట్టెల్లోనూ ఎదురుచూస్తున్నాయి. వాటిని చదవగల కళ్లు తక్కువ. పిల్లలు ఇంజనీరింగూ కంప్యూటర్లూ చదవాలనుకోవడం తప్పు కాదు. కానీ నూరుమందిలో ఒక్కరైనా పురుగుల పెట్టె ముందు కూర్చోవాలని నా కోరిక.

కాబట్టి ఆకుచుట్ట కనబడితే విప్పకండి. కాస్త కొమ్మతో సహా తెంపి, తడిపిన దూది ముక్క వేసిన సీసాలో పెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టండి. బూజు రాకుండా రోజూ చూడండి. పురుగు బయటికొచ్చాక, ఏ చెట్టు, ఏ ఊరు, ఏ చోటు, ఏ తారీకు, ఎవరు తీశారు అన్నవి చిన్న కాగితం మీద రాసి దానితోనే ఉంచండి. ఆ చీటీ లేని పురుగు ఎంత అపురూపమైనదైనా శాస్త్రానికి పెద్దగా పనికిరాదు. పెన్సిల్‌తోనే రాయండి, పెన్ను సిరా చెమ్మకు అలుక్కుపోతుంది.